లోపల ఎవరున్నారు?

టైమ్‌షీట్ల విభాగాధిపతి గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా టైమ్‌షీట్ నింపాలన్నది మీ ఆజ్ఞ. నింపనివాళ్ల జాబితా ఏడింటికి మేనేజర్ల మెయిల్లో పడుతుంది, నెలాఖరుకి జీతంలో కోతా పడుతుంది. దాంతో మాకు పేచీ లేదు. జీతమిచ్చేవాళ్లు లెక్క అడుగుతారు. మా గోడల్లా ఆ లెక్క అప్పజెప్పే చోటికి చేరే దారి గురించే.

మీ టైమ్‌షీట్ మీ కింది ఉద్యోగులే నింపుతారని విన్నాం కాబట్టి ఆ దారి మీరు చూసి ఉండరు. మాదాపూర్ ఆఫీసులో కూర్చున్నా, కూకట్‌పల్లి ఇంట్లో కూర్చున్నా ముందు వీపీఎన్ ఎక్కాలి. దానికొక ఓటీపీ. తరవాత రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి షికాగోలో ఉన్న సర్వర్ పేరు కొట్టాలి. ఇంకో పాస్‌వర్డ్. దాని గడువు దగ్గరపడితే మార్చుకోవడానికి కంట్రోల్ ఆల్ట్ డిలీట్ నొక్కుతాం, మన ల్యాప్‌టాపే స్పందిస్తుంది తప్ప అవతలి సర్వర్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు. దానికి కంట్రోల్ ఆల్ట్ ఎండ్ నొక్కాలని కొత్తగా చేరిన పిల్లలకి ఎవరూ చెప్పరు. సీనియర్లు చెవిలో చెప్పాల్సిందే, మంత్రోపదేశంలాగ.

ఇదంతా దాటాక అసలు గుమ్మం వస్తుంది: ఇప్పటికే చాలామంది లోపల ఉన్నారట, మీకు చోటు లేదట.

చాలామంది అంటే ఇద్దరు. అదనపు లైసెన్సులు కొనకపోతే విండోస్ సర్వర్ ఒకేసారి ఇద్దరినే రిమోట్‌గా రానిస్తుంది. ఆ రెండు చోట్లు కూడా సర్వర్ బాగోగులు చూసుకునే అడ్మిన్ల కోసం ఇచ్చినవి, ఫ్లోర్ మొత్తం వరసకట్టి హాజరు వేసుకోవడానికి కాదు. అందుకని శుక్రవారం నాలుగు దాటిందంటే మా వాట్సాప్ గ్రూపు బస్టాండు సులభ్ కాంప్లెక్స్ అయిపోతుంది. "లోపల ఎవరున్నారు?" "అన్నా, ఒక్క నిమిషం." "అక్కా, నీదయ్యాక నాకు చెప్పవా, పాపని ట్యూషన్ నుంచి తీసుకురావాలి." "ఎవరో లోపలుండి టీకి పోయినట్టున్నారు."

టీకి పోవడం కాదు, అక్కడే ఉంది తిరకాసు. పని అవగానే మాలో కొందరం పైన మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి బయటపడతాం. కనబడే కిటికీ మూతపడుతుంది గానీ సర్వర్‌లో సెషన్ బతికే ఉంటుంది. మనిషి ఇంటికెళ్లి అన్నం తిని పడుకున్నా ఆయన కుర్చీ అక్కడ ఖాళీ కాదు. లాగాఫ్ అయితేనే అవుతుంది. తెగిపోయిన సెషన్లని కొంతసేపటికి దానంతటదే ముగించే వీలు గ్రూప్ పాలసీలో ఉంది. ఒకసారి పెడితే చాలు, రూపాయి ఖర్చు లేదు. టికెట్ రైజ్ చేశాం. "పని పూర్తయ్యాక లాగాఫ్ కావాలని ఉద్యోగులకు అవగాహన కల్పించండి" అని రాసి మూసేశారు.

ఇక సర్వర్ షికాగోలో ఉంది గనక దాని గడియారమూ అక్కడిదే. మాకు సోమవారం పొద్దున తొమ్మిదిన్నరంటే వేసవిలో వాళ్లకి ఆదివారం రాత్రి పదకొండు. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకున్నాక పదే. అప్పుడు అదే యాప్‌లో హాజరుకి 'ఇన్' నొక్కితే ఆదివారం ఖాతాలో పడుతుంది. సెలవునాడు ఎందుకు పనిచేశావని యాప్ సంజాయిషీ అడుగుతుంది, మేనేజర్ అప్రూవల్ కావాలంటుంది. మా మేనేజర్‌కి వారంలో మొదటి పని, మేమెవరమూ ఆదివారం పనిచెయ్యలేదని ధ్రువీకరించడం.

1888లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ ఊళ్లో విల్లార్డ్ బండీ అనే నగల వర్తకుడు హాజరు గడియారం తయారుచేశాడు. పనివాడు తన నంబరున్న తాళంచెవి పెట్టి తిప్పితే నంబరూ టైమూ కాగితం మీద అచ్చుపడేవి. ఆ గడియారాల వ్యాపారమే చేతులు మారి, 1911 విలీనంతో, తరవాత 1924లో ఐబీఎం అని పేరు మార్చుకున్న కంపెనీలో కలిసింది. బండీ గారు పనివాళ్ల మీద ప్రేమతో చేశాడని అనుకోను. కానీ ఆ గడియారం పనిచోటే ఉండేది. ఒక్క తిప్పుతో అయిపోయేది.

మన ఏర్పాటు ఎలా వచ్చిందో మాకూ తెలుసు. ఆఫీసు కంప్యూటర్లలో మాత్రమే నడిచే పాత ప్రోగ్రాము అది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి అందరం ల్యాప్‌టాపులు సంకన పెట్టుకుని ఇళ్లకి పోతే, హడావుడిగా ఈ రిమోట్ దారి తెరిచారు, తాత్కాలికంగా. ఆ పూటకి అది మంచి పనే, కాదనం. తాత్కాలికం ఎన్నాళ్లుంటుందో వెలగపూడి సచివాలయాన్ని చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

వీపీఎన్, ఓటీపీ తీసెయ్యమని మేం అడగడం లేదు. రిమోట్ డెస్క్‌టాప్‌ని వీధిలోకి తెరిచిపెడితే ఏమవుతుందో తెలుసు. 2019లో బ్లూకీప్ లోపం బయటపడ్డప్పుడు, ఎప్పుడో చేతులు దులుపుకున్న ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇవ్వాల్సొచ్చింది. తాళాలు ఉండనివ్వండి. కానీ నాలుగు అంకెలు నింపడానికి ఒక సర్వర్ డెస్క్‌టాప్ మొత్తాన్ని, రీసైకిల్ బిన్‌తో సహా, ఖండాలు దాటించి మాకు చూపించడం ఎందుకు? ఆ వీపీఎన్ వెనకాలే బ్రౌజర్లో తెరుచుకునే ఒక చిన్న పేజీ చాలు. అందాకా హాజరులో మా ఆఫీసు టైమే పడేలా చూడండి.

పేజీ కట్టడానికి బడ్జెట్ కావాలి, కమిటీ కావాలి, ఒప్పుకుంటాం. ఆలోగా ఒక చిన్న మనవి. పోయిన శుక్రవారం సిస్టమ్స్ కుర్రాడిని బతిమాలి లోపలున్న ఇద్దరూ ఎవరో చూశాం. ఒకరు మా పక్క టీము అమ్మాయి, నింపుతోంది. రెండోది మీ విభాగం వాళ్లు రిపోర్టులు తీసుకునే ఖాతా. డిస్‌కనెక్టెడ్ అని ఉంది, ఐడిల్ టైమ్ గడిలో లెక్క గంటలు దాటి రోజుల్లోకి వెళ్లింది. అంటే ఫ్లోర్ మొత్తానికి ఇన్నాళ్లూ ఉన్నది ఒక్క కుర్చీ. ఈ శుక్రవారం నాలుగింటిలోపు ఆ ఖాతాని లాగాఫ్ చెయ్యమని మీవాళ్లతో ఒక్క మాట చెప్పండి. ఇంటూ గుర్తు నొక్కితే కాదు. స్టార్ట్ మెనూలోంచి.

ఇట్లు,
డిఫాల్టర్ల జాబితాలో క్రమం తప్పని ఒక ఉద్యోగి