దేవదాసును బాగుచేయబోయి

గట్టిగా కోరుకుంటే ఏదైనా దక్కుతుందని చెప్పే పుస్తకాన్ని కలకత్తా కాలేజీ స్ట్రీట్ పాతపుస్తకాల బడ్డీలో బేరమాడి మరీ కొన్నాను. నా బుద్ధికి అక్కడే వెలగాల్సింది.

ఆ పుస్తకం రోండా బర్న్ 2006లో రాసిన ‘ది సీక్రెట్’. దాన్ని హాలీవుడ్‌వాళ్లు 2020లో ప్రేమకథగా తీశారు: భర్త పోయిన ముగ్గురు పిల్లల తల్లి, తుపాను, ఇంటి కప్పు బాగుచేసిపెట్టే ఆశావాది. వాళ్లు తీయగా లేనిది నేను తీయలేనా అనుకున్నాను. సి. పుల్లయ్య 1934 నాటి ‘లవకుశ’ తీసింది ఈ కలకత్తాలోనే. 1935లో న్యూ థియేటర్స్‌వారికి ప్రమథేశ్ బారువా ‘దేవదాసు’ తీసిందీ ఇక్కడే. ఆ దేవదాసునే బాగుచేద్దామని కూచున్నాను.

ఆ సినిమాకు మూలమైన శరత్‌చంద్ర నవలలో దేవదాసు కలకత్తా వచ్చి పార్వతికి మనసు విరిచే ఉత్తరం రాస్తాడు. నా స్క్రిప్టులో ఉత్తరం తీసేశాను. మెస్సు గదిలో రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి ‘పార్వతి నాదే’ అంటాడు. మందు లేదు, దగ్గు లేదు. ఇంటర్వెల్ దాకా రాసి తిరగేస్తే పార్వతికి ఒక్క డైలాగూ లేదు!

సరేనని ఆమెకూ ఓ అద్దం ఇచ్చాను. ఎవరి ఊళ్లో వాళ్లు కోరుకుంటూ కూచున్నారు. కలుసుకోవాల్సిన పనే లేకపోయింది. ఈలోగా ఇంకో అనుమానం. ఆమెను చేసుకోబోయే జమీందారు భువన్ చౌదరి కూడా ఇదే పుస్తకం చదివితే? దేవదాసును ప్రేమించే చంద్రముఖి చదివితే? ఇన్ని అర్జీలొస్తే తహసీల్దారు ఆఫీసులా ఈ విశ్వం ముందు ఎవరి ఫైలు కదుపుతుంది?

అప్పటికిగాని తలకెక్కలేదు. ఆ పుస్తకంలో మనిషి ఒక్కడే. మిగతా లోకమంతా వాడి ఇంటికి చేరాల్సిన సరుకు. ప్రేమకథకు మాత్రం కాదనగలిగే రెండో మనిషి ఉండాలి. పరువు పక్కనపెట్టి అర్ధరాత్రి దేవదాసు గదికి వెళ్లింది పార్వతే. తీరా అతను మనసు మార్చుకుని వస్తే కాదన్నదీ ఆమే. అంతటి పిల్లను నేను అద్దం ముందు కూచోబెట్టాను.

ఆ మాటకొస్తే దేవదాసుకు నా పాఠం అక్కర్లేదు. చనిపోయేలోగా నీ గుమ్మానికి వస్తానని పార్వతికి మాటిచ్చాడు. రైలు దిగి, ఎద్దుబండెక్కి, ఒళ్లు సహకరించకపోయినా వచ్చి పడ్డాడు. అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. ఆ పుస్తకం లెక్కన ఇంతకన్నా గొప్ప విజయగాథ ఉండదు. దాన్ని శరత్‌బాబు 1917లోనే అచ్చేశారు.