పద్దుల పుస్తకం సొంత గొడవ

నన్ను కుట్టింది కిరాణా కొట్టు కోసం. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగాటి ఒళ్లు, ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. నా తోటివాళ్లంతా పప్పు, బెల్లం అరువుల కింద నలిగిపోయారు. నన్ను మాత్రం బెజవాడలో ఒక లెక్కల మాస్టారు కొనుక్కెళ్లారు. రిటైరయ్యాక ఆయనకు జీవిత చరిత్రల పిచ్చి పట్టింది. చదివిన ప్రతి పుస్తకానికీ నాలో పద్దు వేసేవారు. దక్కింది జమలో, లోటనిపించింది ఖర్చులో. "అందరూ చదవదగ్గ గ్రంథం" అని ఒక్కసారీ రాయలేదు. అలా రాసేవాళ్లు పుస్తకం విప్పే ఉండరని ఆయన అనుమానం.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర'కు జమ: "మజిలీలు, అంగళ్లు, నదులు దాటే తీరు, అన్నీ చెప్పాడు. పుణ్యం ఆయనది, దారి మనది." ఖర్చు: "పక్కన మ్యాపు లేకపోతే ఊళ్ల పేర్ల దగ్గర నిద్రొస్తుంది."

వీరేశలింగం గారి 'స్వీయ చరిత్రము' దగ్గర మాస్టారి చేతిరాత కాస్త బరువెక్కింది. జమ: "1881 డిసెంబరు 11, రాజమండ్రిలో తొలి వితంతు వివాహం. పనివాళ్లు మొహం చాటేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నీళ్లు మోసుకొచ్చి వండిపెట్టారు." ఖర్చు: "ఆవిడ తన కథ రాసుకోలేదు."

గాంధీగారి 'సత్యశోధన'కు జమ: "తన తప్పుల్ని తానే బజార్లో పెట్టుకున్నాడు." ఖర్చు: "1920 నాగపూర్ కాంగ్రెస్‌తో ఆపేశాడు. దండికి ఎవరితో వెళ్లమంటారు?" బారిస్టరుగా గడించింది 'స్వరాజ్య' పత్రికకు ధారపోసిన ప్రకాశం పంతులుగారి 'నా జీవిత యాత్ర'కు మాత్రం ఒకటే ముక్క: "ఈయనకు ఖర్చు గడి ఒక్కటి చాలు."

"మాస్టారూ, ఈ పుస్తకం కొనమంటారా?" అని ఎవరొచ్చినా ముందు నన్నే తెరిచేవారు. అలమారలో బంగారు అక్షరాల అట్టలు ఎన్ని ఉన్నా, బల్ల మీద చోటు నాదే.

మాస్టారు పోయారు. అచ్చుపుస్తకాలన్నీ గ్రంథాలయానికి వెళ్లాయి. నేను చేతిరాతదాన్నని ఇంట్లోనే మిగిలిపోయాను. కొన్నాళ్లకు గాంధీగారి ఎదుటి పేజీలో పాలవాడి లెక్క పడింది. కిరాణా కోసం పుట్టాను కదా, అదీ రాసిపెట్టి ఉందనుకున్నాను. తర్వాత ఇస్త్రీ బట్టల లెక్క, గ్యాసు బుకింగు నంబరు. మనవడు ప్రకాశం గారి పద్దుకు మీసాలు గీశాడు. మధ్యలో కొన్ని కాగితాలు చింపి పకోడీల నూనె పీల్చడానికి వాడారు. ఏ మహానుభావుడి మీద మాస్టారి మాట అలా జిడ్డులో కలిసిపోయిందో, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆపైన మిక్సీ కింద ఎత్తుకు పెట్టారు. అట్ట ఒరిసింది, కుట్టు వదిలింది, అంచుకు చెద తగిలింది. ఒక్కరూ నన్ను చదవాలని విప్పలేదు.

చివరకు పాత పేపర్లవాడి కాటాలో కూచున్నాను. తూకానికి నేనూ నిన్నటి పేపరూ ఒకటే.

లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్టుకు చేరాను. ఎవరో కాలేజీ అమ్మాయి నన్ను తీసి, పాల లెక్క దాటుకుని, కాశీయాత్ర పద్దు దగ్గర ఆగింది. నిలబడే చదివింది. ఫక్కున నవ్వింది. "ఈ కాశీయాత్ర ఉందాండీ?" అని అడిగింది. కొట్టాయన కుప్పలోంచి లాగి ఇచ్చాడు. బేరమాడి, సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

నన్ను కొనలేదు. కొననక్కర్లేదు, చెయ్యాల్సిన పని చేశాను. కానీ చదివాక ఆ పిల్లకూ ఏదో ఒకటి అనాలనిపిస్తుంది కదా. నాలో ఇంకా ఖాళీ పేజీలున్నాయి. కొట్టాయన నాకు ధర కట్టలేదు కూడా, బేరం తేలికే.