కాఫీ పోసిందా?

మా ఇంట్లో రాత్రిపూట ఒంటికి లేచే మనిషిని నేనొక్కణ్ణే. 58 ఏళ్ళొచ్చాయి. ఒంటిగంటకోసారి, నాలుగింటికోసారి లేస్తాను. ఇది ఇంటిల్లిపాదికీ తెలుసుగానీ ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. ఇదొక అర్హత కిందికి వస్తుందని నాకు తెలిసింది మాత్రం మొన్న జులైలో, మా అమ్మాయి ఒక కుక్కపిల్లను చున్నీలో చుట్టుకుని హైదరాబాదులోని మా మూడో అంతస్తు ఫ్లాట్‌కి తెచ్చినరోజున.

వానకి సెల్లార్ చెరువైపోయింది. ఆ చెరువులో ఎవరిదో స్కూటర్ ఫుట్‌బోర్డు మీద ముద్దగా తడిసి కూర్చుందిట. తల్లి జాడ రెండ్రోజులుగా లేదని వాచ్‌మన్ చెప్పాడు. డికాక్షన్ ఎక్కువైన రంగు. ఆ రంగు చూసి మా అమ్మాయి దానికి కాఫీ అని పేరు పెట్టింది. ఆ పేరు ఎంత ముప్పు తెస్తుందో ఆ క్షణాన ఎవరికీ తట్టలేదు.

పశువుల డాక్టరమ్మ దాని పళ్ళు చూసి రెండు నెలలుంటాయంది. టీకాలు మూడు నాలుగు వారాలకొకటి చొప్పున, దానికి 16 వారాలు నిండేదాకా పడుతూ ఉండాలిట. అవి పూర్తయ్యేదాకా వీధిలోకి దించకూడదు. పార్వో అనే వైరస్ మట్టిలో నెలల తరబడి కాచుక్కూర్చుంటుందిట. కాబట్టి మరుగుదొడ్డి బాల్కనీలో, రాత్రి పడక కేజ్‌లో.

కేజ్ అంటే బోను అని మా అమ్మకి చెప్పాం.

"బోనేమిటే, అదేం నేరం చేసిందని?" అంది అమ్మ.

నేరం ఆ రాత్రికి చేసింది.

డాక్టరమ్మ ఒక లెక్క కూడా చెప్పింది. పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే, సుమారుగా అన్ని గంటలు ఉగ్గబట్టుకోగలదు. రెండు నెలల పిల్లయితే మూడు గంటలు. నిద్రలో ఇంకాస్త ఎక్కువ. నేను ఫిజిక్సు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి. సూత్రం కనిపిస్తే అంకెలు వెయ్యకుండా ఉండలేను. 58 ఏళ్ళంటే 696 నెలలు. ఒకటి కలిపితే 697 గంటలు. అంటే 29 రోజులు.

"మరి నేను మూడు గంటలకే లేస్తున్నానేమండీ?" అన్నాను.

"సూత్రాలకి హద్దులుంటాయి సార్. ఇది పెద్ద కుక్కకే పనిచెయ్యదు," అంది ఆవిడ. నా వంక కొంచెం జాలిగా చూసినట్టే అనిపించింది. పక్కనే మా ఆవిడ, మా అమ్మాయి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "ఎలాగూ లేస్తారు కదండీ," అంది మా ఆవిడ. "రాత్రి డ్యూటీ అంతా నాదే నాన్నా" అని సెల్లార్‌లో ప్రమాణం చేసిన అమ్మాయికి అసలు నిద్రపట్టిందంటే అది ఊర్మిళాదేవి నిద్రే. రాముడు వనవాసం ముగించుకుని వస్తే తప్ప లేవదు. నియామకం ఏకగ్రీవం.

ఇక బోను కొనటం. మా ఆవిడ అమ్మాయి చిన్నప్పుడు యూనిఫాం ఎలా కుట్టించేదో అదే పద్ధతిలో కొంది. పెరిగే పిల్ల కదా, రెండేళ్ళకి సరిపోవాలి, వదులుగా ఉన్నా ఫరవాలేదు. షాపతను రెండు మూడు రకాలు చూపించబోతే "పెద్దది లేదా?" అంది. 42 అంగుళాల బోను వచ్చింది. పరీక్షించటానికి నేను తల దూర్చి చూస్తే భుజాలదాకా పట్టాను. పొత్తిగుడ్డల విషయం నాకు తెలుసు అంటూ అమ్మ తన పాత నేతచీరలు రెండు చింపి, మడతలు వేసి, మెత్తటి పక్క అమర్చింది. అంత వైభోగం నా చిన్నప్పుడు నాకు లేదు.

కాఫీ ఆ పక్క మీద ఒక మూల పోసింది. ఇంకో మూల పడుకుంది. మధ్యలో హాలు ఖాళీగా ఉంది. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొనుక్కున్నవాడికి అంత సుఖంగా నిద్రపట్టటం నేనెప్పుడూ చూడలేదు.

పొద్దున్నే ఫోన్ చేస్తే డాక్టరమ్మ ఓపిగ్గా పాఠం చెప్పింది. పుట్టిన మొదటి వారాల్లో పిల్లలు ఒంటికి పోవాలన్నా తల్లే నాకి పోయించాలి. అదే నాకి శుభ్రమూ చేస్తుంది. కాళ్ళు వచ్చాక, మూడో వారం దాటేసరికి, పిల్లలు పడుకునే చోటు వదిలి కాస్త అవతలికి వెళ్ళటం మొదలుపెడతాయి. పడుకున్న చోట తడుపుకోకూడదన్నది ఎవరూ నేర్పకుండానే వాటికి వచ్చే ఆచారం. బోను నడిచేది ఆ ఒక్క ఆచారం మీదే. నిలబడటానికి, వెనక్కి తిరగటానికి, కాళ్ళు చాపి పడుకోవటానికి సరిపోవాలి. అంతకు మించితే "అవతల" అనేది బోనులోనే దొరుకుతుంది.

దీనికి సాక్ష్యం అంతరిక్షంలో ఉంది. 1957 నవంబర్ 3న స్పుత్నిక్-2లో వెళ్ళిన లైకా మాస్కో వీధికుక్కే. ప్రయాణానికి ముందు దాన్నీ, ఇంకో రెండు కుక్కల్నీ అంతకంతకూ ఇరుకయ్యే బోనుల్లో 20 రోజులదాకా ఉంచి అలవాటు చేస్తే, పాపం, అవి ఒంటికీ రెంటికీ పోవటమే మానేశాయిట. విరేచనాల మందిచ్చినా లాభం లేకపోయింది. లైకా తిరిగి రాలేదు. ఈ సంగతి క్లాసులో ఏటా చెబుతాను. ఏటా ఎవరో ఒక పిల్ల కళ్ళు తుడుచుకుంటుంది. సోవియట్ శాస్త్రవేత్తలు ఎంత బతిమాలినా పొయ్యని జాతిలో పుట్టి, మా ఇంట్లో మటుకు బతిమాలకుండానే పోస్తోందంటే లోపం కుక్కలో కాదని ఒప్పుకోవాల్సొచ్చింది.

"బోనుతోబాటు మధ్యలో పెట్టుకునే తడిక వస్తుంది సార్, చూశారా?" అంది డాక్టరమ్మ.

చూశాం. రోజూ చూస్తూనే ఉన్నాం. సింకు పక్కన దాని మీద మా ఆవిడ గిన్నెలు బోర్లిస్తోంది. ఏ సామాను కొన్నా అందులో ఏదో ఒక ముక్క అదనంగా వస్తుందనీ, అది వంటింటికి చెందుతుందనీ మా ఇంటి శాసనం. గిన్నెలు దించి, తడిక కడిగి, బోనులో మూడొంతుల స్థలం కోసేశాం. మెత్తటి పక్క కూడా తీసెయ్యమంది. గుడ్డ తడి పీల్చేసుకుంటుంటే దానికి తడిసిన సంగతే తెలియదుట. అమ్మ చీరముక్కలు మళ్ళీ మడిచి పెట్టుకుంటూ "ఇంతోటి డాక్టరు" అంది.

బోనుని మొదట హాల్లో పెట్టాం. పదకొండింటికి అది ఎత్తుకున్న రాగానికి పై ఫ్లాట్‌వాళ్ళు ఇంటర్‌కమ్‌లో పలకరించారు. మనిషి అలికిడి వినిపించే చోట ఉంచాలని, అది కదిలితే మనకూ వినబడాలని డాక్టరమ్మ అనేసరికి నా మంచం పక్కకి చేరింది. మా ఆవిడ దిండు పట్టుకుని అత్తగారి గదికి వలస వెళ్ళింది.

రాత్రి డ్యూటీలో నా మొదటి తప్పు, లైటు వెయ్యటం. రెండో తప్పు, ముద్దాడటం. మూడో తప్పు, పని అయ్యాక బాల్కనీలో దాంతో సాక్సు లాగులాట ఆడటం. అర్ధరాత్రి రెండు అంటే ఆటల పీరియడ్ అని అది టైంటేబుల్లో రాసేసుకుంది. మర్నాటి నుంచి ఒంటికి రాకపోయినా రెండింటికి లేచి సాక్సు కోసం పిలిచేది. దాంతో పద్ధతి మార్చాం. ఏడింటికి తిండి. ఎనిమిదిన్నరకి నీళ్ళ గిన్నె తీసెయ్యటం (పగలు మాత్రం నీళ్ళకి లోటు చెయ్యకూడదు). పదిన్నరకి ఆఖరిసారి బాల్కనీ. అది ఏడవకముందే అలారం పెట్టుకుని నేనే లేపటం. చీకట్లోనే ఎత్తుకెళ్ళటం, మాటాపలుకూ లేకుండా నిలబడటం, పని కాగానే తెచ్చి పడుకోబెట్టటం.

అలారం రెండింటికి, ఐదింటికి. నా సొంత అలారం ఒంటిగంటకి, నాలుగింటికి. ఎలాగూ లేస్తారు కదా అన్న మహాతల్లి ఈ గంట తేడా లెక్కలోకి తీసుకోలేదు. రాత్రికి నాలుగుసార్లు లేవటం కన్నా రెండు టైములూ కలిపేస్తే బాగుంటుందని, పడుకోబోయే ముందు రెండు గ్లాసులు నీళ్ళు తాగి చూశాను. నా టైము పన్నెండుకి మారింది.

బాల్కనీలో దానికని మట్టి నింపిన ట్రే ఒకటి పెట్టాం. కాఫీ దాన్ని వాసన చూసి, పక్కనున్న ఇంకో ట్రేలో పోసింది. అందులో అమ్మ మెంతికూర వేసింది. అప్పుడే రెండాకులు వేస్తోంది. ఆ వారం నుంచి మా ఇంట్లో మెంతికూర పప్పు చెయ్యటం లేదు. తులసి కుండీని మాత్రం అమ్మ ఎత్తయిన స్టూలు ఎక్కించి ముందే కాపాడుకుంది.

బోనులో పోసినప్పుడల్లా మా ఆవిడ ఫినైలుతో కడిగేది. ఇల్లు సర్కారు దవాఖానాలా ఘుమఘుమలాడేది. అది మళ్ళీ అక్కడే పోసేది. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 60 లక్షలుంటే కుక్కకి పది కోట్లకి పైమాటేనట. ఫినైలు కింద తన పాత సంతకం దానికి స్పష్టంగా కనపడుతూనే ఉంటుంది. పైగా ఆ నేల నాకితే దానికి మంచిది కాదు. ఎంజైములుండే ద్రావకం వేరే దొరుకుతుంది, అది ఆ మరకని మూలానికి విరగ్గొడుతుందని చెప్పి డాక్టరమ్మ రాసిచ్చింది. ధర చూసి మా ఆవిడ, మన తలకి రాసుకునే నూనె కూడా ఇంత ఖరీదుండదంది.

లిఫ్టులో కలిసిన పెద్దమనిషి ఒకాయన ఉచితంగా వేరే వైద్యం చెప్పాడు. "ముక్కు పట్టుకుని దాంట్లో రుద్దండి, రెండు తగిలించండి, చచ్చినట్టు మానేస్తుంది." ఈ మాట ఇంట్లో చెబితే అమ్మ భారతం తీసింది. భారతం మొదట్లోనే ఉందిట: జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవతల కుక్క కొడుకు అక్కడ ఆడుకోవటానికి వెళ్ళాడు. ఏ తప్పూ చెయ్యని ఆ పిల్లని రాజుగారి తమ్ముళ్ళు కొట్టారు. సరమ వచ్చి నిలదీసి, మీకు అనుకోని ఆపదలు వస్తాయని శపించి పోయింది. సారమేయం అన్న మాట ఆవిడ పేరు మీద వచ్చిందే. "వాళ్ళు రాజులు కాబట్టి తట్టుకున్నారు. మనది మెయింటెనెన్సు కట్టుకునే కొంప," అంది అమ్మ. కొడితే దానికి అర్థమయ్యేది మనకి కనపడకుండా సోఫా వెనక పొయ్యాలని మాత్రమేనని డాక్టరమ్మ కూడా అంది. ఇద్దరికీ మొదటిసారి మాట కలిసింది.

ఆ తర్వాత అమ్మ రంగంలోకి దిగిపోయింది. "నిద్ర లేచాక, కడుపు నిండాక, ఆట అయ్యాక పొయ్యాలిరా ఏ పిల్లయినా. దీనికి పుస్తకం కావాలా? నిన్ను కాళ్ళ మీద కూచోబెట్టుకుని ఉస్స్ అంటే పోసేవాడివి. పక్కలో మాత్రం ఎనిమిదేళ్ళదాకా పోశావనుకో." మా అమ్మాయి ఈ చివరి వాక్యాన్ని భద్రంగా దాచుకుంది.

కుక్కలకి మన భాషలో ఉన్న పాత ఆదేశం ఉస్కో. అంటే మీదపడమని. అమ్మ దాన్ని సగానికి కత్తిరించి "ఉస్స్..." అంటూ బాల్కనీలో నిలబడేది. అది పోసినప్పుడల్లా ఆ శబ్దం వినిపించాలి, ఆగగానే రెండు మూడు క్షణాల్లోపే మెచ్చుకోవాలి, ఆలస్యమైతే మెప్పు దేనికో దానికి తెలియదని డాక్టరమ్మ చెప్పింది. నేను డిగ్రీలో కాలేజీ ఫస్టు వచ్చినప్పుడు "సర్లే, అన్నం తిను" అన్న మనిషి, కాఫీ కూచుని లేవగానే "గుడ్ గర్ల్!" అనేది. ఆవిడకి వచ్చిన మొదటి ఇంగ్లీషు ముక్క అది. వారం తిరిగేసరికి ఉస్స్ అంటే చాలు, పని జరిగిపోయేది. కాఫీకి కాస్త ఆలస్యంగా, నాకు వెంటనే. పావ్‌లోవ్ మహాశయుడికి 1904లో నోబెల్ ఇచ్చింది జీర్ణక్రియ మీద పరిశోధనకి. ఆయన కుక్కలు గంట వింటే చొంగ కార్చేవిట. అవి ఎంత ఇబ్బంది పడ్డాయో ఆయన రాసుండడు.

పేరు తెచ్చిన ముప్పు ఆగస్టులో బయటపడింది. మా వియ్యంకులు కాగల ఒక జంట, అంటే పెళ్ళిచూపుల ముందు చూపులకి, వచ్చి హాల్లో కూచున్నారు. "కాఫీ తీసుకుంటారా?" అని మా ఆవిడ అడుగుతుండగానే బాల్కనీలోంచి మా అమ్మ కేక: "కాఫీ పోసిందర్రా! శుభ్రంగా పోసింది! కొంచెం గుమ్మంలో ఒలికింది, గుడ్డ తెండి!" ఆ దంపతులు మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. సంబంధం కుదరలేదు. అందుకు వేరే కారణాలున్నాయని మా ఆవిడ అంటుంది.

మధ్యలో ఒకసారి అంతా మొదటికొచ్చింది. పది రోజులు పొడిగా ఉన్న బోను మళ్ళీ తడవటం, గంటకి నాలుగుసార్లు చుక్క చుక్క పొయ్యటం. అలిగిందని అమ్మాయి, పొగరని మా ఆవిడ. డాక్టరమ్మ పరీక్ష చేయించి, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని మందులిచ్చింది. తగ్గింది. ఆ రెండు రోజులూ దాన్ని తిట్టినందుకు మా ఆవిడ దానికి పెరుగన్నం పెట్టి క్షమాపణ చెప్పుకుంది.

అలారాన్ని మూడు నాలుగు రోజులకొకసారి పావుగంట జరుపుతూ పోయాను. రెండు మూడైంది, మూడు నాలుగైంది. ఐదింటిది ఐదున్నర దగ్గర స్థిరపడింది. టీకాలు పూర్తయ్యాక మెంతికూర ట్రేకి విముక్తి దొరికి, పొద్దున్నే కిందికి షికారు మొదలైంది. దసరా వచ్చేసరికి తడిక రెండు గళ్ళు వెనక్కి జరిపాం. ఇప్పుడు కాఫీ పదిన్నరకి తనంతట తనే బోనులోకి వెళ్ళి, చుట్టూ మూడుసార్లు తిరిగి, ఐదున్నరదాకా బొజ్జ పైకి పెట్టి పడుకుంటుంది.

నేను ఒంటిగంటకి లేస్తాను. బోనులో ఒక కన్ను తెరుచుకుంటుంది. ఈయనకింకా అలవాటు కాలేదన్నట్టు చూసి మూసుకుంటుంది. ఈమధ్య మా అమ్మాయి ఎనిమిదిన్నరకి దాని నీళ్ళ గిన్నెతోబాటు నా మంచినీళ్ళ చెంబు కూడా వంటింట్లోకి తీసుకుపోతోంది.

మొన్నరాత్రి నాలుగింటికి బాత్‌రూమ్‌లోంచి వస్తుంటే పక్కగదిలోంచి, నిద్రమత్తులో, అమ్మ గొంతు వినిపించింది.

"పోసిందా?"

"అది పడుకుందమ్మా. నేను."

కాసేపు చప్పుడు లేదు. రెండు మూడు క్షణాలుంటుందేమో.

"గుడ్ బాయ్," అంది అమ్మ.