అరకులో నా టూ బెడ్రూం

సెలవులకు వెళ్లిన ఊళ్లో మనకూ ఓ ఇల్లుంటే బాగుండునని మీరూ ఎప్పుడో ఒకప్పుడు అనుకునే ఉంటారు. అనుకుని, రైలెక్కి ఇంటికొచ్చి మరిచిపోయి ఉంటారు. నేను మరిచిపోలేదు. అదే నా కథ.

విశాఖపట్నంలో, మహారాణిపేటలో, పాతకాలపు అపార్టుమెంటులో రెండు పడగ్గదుల వాటాలో అద్దెకుండేవాణ్ణి. ఓనరుగారిది కింది అంతస్తే. గోడకు మేకు కొట్టాలంటే అనుమతి, చుట్టాలు రెండో పూట ఉంటే సంజాయిషీ, మోటారు ఎప్పుడు వెయ్యాలో ఆయన ఇష్టం. ఏళ్ల తరబడి అలా బతికినవాడికి ఎక్కడో ఒకచోట తానూ యజమాని అనిపించుకోవాలని ఉండదూ? నాకా కోరిక అరకులో పుట్టింది. నవంబరు చివర్లో, పొలాలన్నీ వలిసె పూలతో పసుపు పచ్చగా ఉన్న రోజుల్లో.

టీ బడ్డీ దగ్గర ఒకాయన మాట కలిపాడు. "ఇల్లు చూస్తారా సార్? టూ బెడ్రూం. 33 ఏళ్ల లీజు. సొంతమే అనుకోండి" అన్నాడు. ఆ చివరి మాట దగ్గరే నేను పడిపోయాను. చిన్న స్లాబు ఇల్లు, ముందు వరండా, ఎదురుగా కొండ. ఇల్లుగలావిడ ఎక్కడని అడిగితే, "ఆవిడకి ఈ కాగితాలవీ తెలీవు సార్, అంతా నేను చూసుకుంటాను" అన్నాడు. మహారాణిపేటలో వాటా దిగేముందు కరెంటు బిల్లు కూడా మూడుసార్లు చదివిన మనిషిని. ఇక్కడ ఇంటావిడ మొహం చూడకుండానే స్టాంపు కాగితం మీద సంతకం పెట్టేశాను. ఉన్న డబ్బంతా అడ్వాన్సు కింద ఆయన చేతిలో పోశాను. కోరిక ముదిరితే చదువు ఎందుకూ కొరగాదు. మీకూ అనుభవమే అయి ఉంటుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. మా ఇంటిపేరు చెక్కించిన గ్రానైటు పలక గోడకు బిగించాను. "మా అరకు ఇంటికి రండి" అని భూప్రపంచంలో ఉన్న చుట్టాలందరికీ కబురు పెట్టాను. అందరూ కిరండూల్ పాసింజరులో దిగారు. దారిలో బొర్రా స్టేషను చూసి పిల్లలు కేరింతలు కొట్టారట. భోజనాలయ్యాయి. బావమరిది ఇంటి సంగతి అడిగాడు, నేను కాగితం తీశాను, పైకి చదవమన్నాను, వాడు గట్టిగా చదివాడు, ఏజెన్సీలో రెవెన్యూ ఉద్యోగం చేసి రిటైరైన మా పెద్దమామయ్య చెయ్యి కడుక్కుని వచ్చి కాగితం లాక్కున్నాడు, "ఒరే, ఆవిడ గిరిజనురాలా?" అన్నాడు, అవునన్నాను, "నువ్వు కాదు కదా!" అన్నాడు, అంతలో గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఆ గ్రానైటు పలకనే చూస్తోంది.

"ఇదేటి బాబూ, మా ఇంటి మీద నీ పేరు రాసీసినావు?"

వరండాలో ఒక్కరూ మాట్లాడలేదు. నేను తలెత్తలేకపోయాను.

మామయ్య ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. మన్యంలో షావుకార్ల చేతుల్లోకి భూములు పోతున్నాయని 1917లోనే ఒక చట్టం వచ్చింది. ఆ తర్వాత 1959 నాటి 1వ నిబంధన. దాన్ని గట్టిచేస్తూ 1970లో వచ్చిన సవరణనే అందరూ 1/70 అంటారు. దాని ప్రకారం అక్కడి భూమి గానీ ఇల్లు గానీ గిరిజనేతరుడికి బదిలీ చేస్తే చెల్లదు. అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టు, దానం, లీజు, వాటికోసం రాసుకున్న ఒప్పందం కూడా బదిలీయే. "పిల్లలు కేరింతలు కొట్టిన ఆ బొర్రా ఉందే, ఆ చుట్టుపక్కల గనుల లీజుల మీదే సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. గిరిజన ప్రాంతంలో గనులకోసం ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకివ్వడం ప్రభుత్వానికి కూడా కుదరదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారుకే లేని హక్కు నీకెక్కడిదిరా?" అన్నాడు.

ఆ మాట కన్నా పెద్దావిడ చెప్పింది నన్ను ఎక్కువ బాధపెట్టింది. నేనిచ్చిన దాంట్లో ఆమె చేతికి వచ్చింది రెండు నెలల అద్దె మాత్రమే. ఎవరో ఆఫీసరు వేసవి దాకా ఉంటాడని చెప్పారట. 33 ఏళ్ల సంగతి ఆమెకు తెలియనే తెలియదు. మేకు కొడితే ఊరుకోని ఓనరు మీద కడుపుమంటతో రగిలినవాణ్ణి, ఆమె ఇంటి గోడకు ఏకంగా పలకే బిగించాను. ఆమె మనవలు ఉండాల్సిన ఇల్లది.

మర్నాడు పలక తీయించి, గోడకు పడిన కన్నాలు పూడ్పించి, తాళంచెవి ఆమెకిచ్చి క్షమాపణ అడిగాను. "పోన్లే బాబూ, పిల్లల్ని తీసుకుని మళ్లీ రండి" అంది. మధ్యవర్తి ఫోను ఇప్పటికీ స్విచాఫే. పోయిన డబ్బుకు ఏడవడం మానేశాను. 1/70ని సడలించాలని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోలేకపోతున్నాను. నాలాంటివాళ్లు ఎంత సులువుగా ఆ కొండల మీద పడగలరో చూశాను కనక ఆ చట్టం ఉండి తీరాలంటాను.

మీరు అరకు వెళ్లండి. అక్కడివాళ్లు నడిపే గదుల్లో దిగండి, డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి. ఎవరైనా లీజు కాగితం చూపిస్తే సంతకం పెట్టకండి, ముందు ఆ ఇంటివాళ్లతో మాట్లాడండి.