ముందు పోలీసులను అడగకండి

బ్రిటన్‌లో స్థిరపడిన మనవాళ్లు ఇప్పుడు అక్కడ కౌన్సిలర్లుగా గెలుస్తున్నారు. వీధి భద్రత మీద కౌన్సిల్, పోలీసులు కలిసి పెట్టే సమావేశాల్లోనూ కూర్చుంటున్నారు. ఈ సలహాలు వాళ్ల కోసం. వినగానే ఇదేం తలకిందుల మాట అనిపించవచ్చు. అయినా ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను.

కొట్లాటలు ఎక్కడ జరుగుతున్నాయో తెలుసుకోవాలంటే ముందు ఆసుపత్రిని అడగండి, పోలీసులను తర్వాత. కార్డిఫ్‌లో ముఖం, దవడల శస్త్రచికిత్సలు చేసే జొనాథన్ షెపర్డ్ ఒక సంగతి గమనించాడు. పగిలిన గ్లాసుతో చెంప చీలి, దవడ విరిగి తన దగ్గరకు వస్తున్నవాళ్లలో చాలామంది ఊసు పోలీసు లెక్కల్లో లేనే లేదు. కొట్టినవాడంటే భయం, తానూ తాగి ఉన్నానన్న జంకు, కేసు పెడితే ఒరిగేదేముందన్న నిరాశ. ఏదైనా కానివ్వండి, దెబ్బ తిన్నవాడు స్టేషన్ మెట్లు ఎక్కకపోవచ్చు గానీ కుట్లు వేయించుకోక తప్పదు. అందుకే 1990ల చివర్లో అక్కడ డాక్టర్లు, పోలీసులు, కౌన్సిల్ ఒక్కచోట కూర్చున్నారు. అత్యవసర విభాగంలో వివరాలు రాసుకునే సిబ్బంది మరికొన్ని ప్రశ్నలు అడగసాగారు: ఎప్పుడు జరిగింది, సరిగ్గా ఏ వీధిలో, ఏ పబ్బులో, దేనితో కొట్టారు, ఎంతమంది కొట్టారు?

ఆసుపత్రి ఇచ్చే ఆ వివరాల్లో పేర్లు మాత్రం అడగకండి. కార్డిఫ్‌లో పేర్లు తీసేసిన తర్వాతే వివరాలు ఆసుపత్రి గడప దాటేవి. నిందితుణ్ని పట్టుకోవాలనుకునేవాడికి అది పనికిరాని కాగితం. కానీ చోటూ వేళా తెలిస్తే పోలీసులు ఆ వేళకు ఆ వీధిలో ఉండగలరు. కౌన్సిల్ ఆ పబ్బు లైసెన్సు గురించి నిలదీయగలదు, గాజు గ్లాసుల బదులు ప్లాస్టిక్‌వి పెట్టమనగలదు, వారాంతపు రాత్రుళ్లు వీధిలో వాహనాలు ఆపగలదు. కార్డిఫ్‌ను అలాంటివే మరో 14 నగరాలతో పోల్చిన అధ్యయనం 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. కొట్లాట గాయాలతో ఆసుపత్రిలో చేరేవాళ్లు, ఆ నగరాలతో పోలిస్తే, కార్డిఫ్‌లో 42 శాతం తగ్గారని అది తేల్చింది.

మన దగ్గర పద్ధతి దీనికి ఎదురు. కొట్లాటలో గాయపడి వచ్చినవాణ్ని ఎం.ఎల్.సి. (మెడికో-లీగల్ కేసు) కింద రాసి స్టేషన్‌కు కబురు పంపుతారు. నేర విచారణకు అది కావలసిందే. కానీ మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఆడమనిషి బాత్రూంలో జారిపడ్డానని డాక్టరుతో చెప్పడానికి ఆ కబురు భయమూ ఒక కారణం.

ఇంటి హింస దగ్గర మాత్రం నా సలహా మారుతుంది. ప్రాణాపాయం ఉందని తేలిన మనిషి గురించి పేరు పెట్టే మాట్లాడుకోవాలి. 2003లో ఆ కార్డిఫ్‌లోనే మొదలైన మారాక్ సమావేశాలు, అంటే సంస్థలన్నీ కలిసి ఆ ప్రమాదాన్ని అంచనా వేసే సమావేశాలు, అందుకే. బాధితురాలి తరఫున మాట్లాడడానికి అక్కడ ఒక సలహాదారు ఉంటారు.

పోలీసు కేసులు పెరిగాయని కంగారుపడకండి. ఆ మిగతా నగరాలతో పోలిస్తే కార్డిఫ్‌లో తీవ్రమైన గాయాల కేసులు తగ్గిన కాలంలోనే చిన్న దాడుల నమోదు పెరిగింది. దెబ్బలు దాచుకునేవాళ్లు తగ్గారని, నేను దాన్ని మంచి కబురుగానే చదువుతాను.

ఇక మనవాళ్లకు బొత్తిగా మింగుడుపడని సలహా: చిన్న విషయాలకు కూడా ఫోన్ చేసి విసిగించండి. తలుపు మీద గుడ్లు విసిరితే, కారు అద్దం మీద ఉమ్మితే, పరాయి దేశంలో మనకెందుకు గొడవ అని తుడుచుకుని లోపలికి పోతాం. లెస్టర్‌షైర్‌లో ఒక కుటుంబం అలా ఊరుకోలేదు. వైకల్యం ఉన్న కూతురితో బతుకుతున్న ఒక తల్లి ఇంటి మీద వీధి కుర్రాళ్లు ఏళ్ల తరబడి పడ్డారు. పదేళ్లలో పోలీసులకు 33 సార్లు ఫిర్యాదు వెళ్లింది. ప్రతి ఫోనునూ అప్పుడే మొదటిసారి వింటున్నట్టు విడిగా చూశారు. 2007లో తల్లీ కూతురూ ప్రాణాలు కోల్పోయారు. పోలీసులు, కౌన్సిళ్లు తమకు తెలిసినది పంచుకోకపోవడమూ ఆ మరణాలకు దోహదం చేసిందని 2009లో మరణ విచారణ జ్యూరీ చెప్పింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆ ఫోన్లన్నీ ఎక్కడో ఒకచోట రాసే ఉన్నాయి. ఒక్క కాగితం మీద లేవు, అంతే.

ఇలాంటి ఫిర్యాదులు విడివిడిగా మిగిలిపోకుండా, 2014లో వచ్చిన ఒక చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లో కొత్త హక్కు ఇచ్చింది. ఆరు నెలల్లో మూడుసార్లు ఫిర్యాదు చేసినా వేధింపు ఆగకపోతే, సంస్థలన్నీ కలిసి ఆ కేసును మళ్లీ చూడాలని మీరు అడగవచ్చు. మీరు ఒప్పుకుంటే మీ తరఫున స్నేహితుడో కౌన్సిలరో కూడా అడగవచ్చు. కానీ ఆ మూడూ నమోదై ఉండాలి. ఎవరికీ చెప్పకుండా కడిగేసిన గుడ్డు లెక్కలోకి రాదు. ముందు ఫోటో తీయండి, తేదీ, వేళ రాసుకోండి, ఫోన్ చేసినప్పుడు రిఫరెన్స్ నంబరు అడిగి తీసుకోండి.

భద్రత పనిని భద్రత విభాగానికి వదిలేయకండి. 1998 క్రైమ్ అండ్ డిజార్డర్ చట్టంలోని 17వ సెక్షన్ కౌన్సిల్ చేసే ప్రతి పనికీ వర్తిస్తుంది. ఏ పని చేసినా నేరాల మీద దాని ప్రభావం ఏమిటో ఆలోచించాల్సిందే. వీధి దీపాల అధికారి, పార్కుల అధికారి, అద్దె ఇళ్లు కేటాయించే అధికారి, ఎవరైనా అది మా పని కాదంటే ఆ సెక్షన్ చూపించండి.

సమావేశం చివర అందరం కలిసి చూసుకుంటాం అని తీర్మానం రాయబోతే ఒప్పుకోకండి, మొండివాళ్లని పేరొచ్చినా సరే. పోలీసులు, కౌన్సిల్, అగ్నిమాపక శాఖ, ప్రొబేషన్, ఆరోగ్య సంస్థ, ఇంతమందిని చట్టం ఒక్కచోట కూర్చోబెట్టింది. ఇంతమంది పని అంటే ఎవరి పనీ కాకుండా పోతుంది. మినిట్స్‌లో ప్రతి పని పక్కనా ఒకే ఒక్క మనిషి పేరు, ఒక తేదీ రాయించండి. ఆ మనిషి బదిలీ అయితే, వచ్చే సమావేశంలో మొదటి అంశంగా కొత్త పేరు అడగండి. ఆ పేరు పడేదాకా రెండో అంశంలోకి వెళ్లనివ్వకండి.