మరలు కనిపెట్టారహో!

సంతోషం. సైకిలు లోకానికి మళ్లీ మర దొరికింది. పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ కప్పుని ఫ్రేములోకి తిప్పి బిగించవచ్చునట! అలా బిగిస్తే కదలదట, కిర్రుమనదట, పాడైతే విప్పి మార్చుకోవచ్చునట! బ్రోషర్లలో ‘థ్రెడెడ్’ అన్న మాట కార్బన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. మన గేర్ సైకిలు మిత్రులు ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటున్నారు. దొంగ సొమ్ము తిరిగిచ్చినందుకు దొంగకి శాలువా కప్పడం మనకి కొత్తేం కాదు లెండి.

ఇంతకీ ఆ మహావిష్కరణ ఏమిటయ్యా అంటే, 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు. తొక్కుతుంటే ఊడి రాకుండా కుడి కప్పుకి ఎడమ మర, ఎడమ కప్పుకి మామూలు మర. బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసిన బి.ఎస్.ఏ. కంపెనీ పేరు మీద చలామణీ అయిన కొలత ఇది. మన వీధుల్లో తిరిగిన బి.ఎస్.ఏ. ఎస్.ఎల్.ఆర్. సైకిలు పేరులో ఉన్నది ఆ బి.ఎస్.ఏ.నే. తాతల నాటి సరుకు.

దీన్ని పీకేసిన ఘనత ఎవరిది? 2000లో క్యానన్‌డేల్ కంపెనీ బి.బి.30 తెచ్చింది. మరలు లేవు, కప్పులు లేవు, బేరింగుని తిన్నగా ఫ్రేములో దిగ్గొట్టడమే. 2006లో ‘ఎవరైనా వాడుకోండి’ అని ధర్మసత్రం తలుపులు తెరిచింది. ఇక చూస్కోండి. షిమానోది బి.బి.92, స్రామ్‌ది 2009లో పి.ఎఫ్.30, ట్రెక్‌ది బి.బి.95, మరొకరిది బి.బి.386. వీటిలో ప్రతిదానికీ ‘స్టాండర్డ్’ అనే బిరుదు ఉంది. ఒకదాని బేరింగు ఇంకొకదానికి పట్టదు, ఒకదాని పనిముట్టు ఇంకొకదానికి పనికిరాదు.

ఎందుకయ్యా ఇదంతా అంటే మూడు కారణాలు చెప్పారు: బరువు తగ్గుతుంది, గట్టిదనం పెరుగుతుంది, కింది గొట్టం వెడల్పవుతుంది. నాలుగోది చెప్పలేదు. కార్బన్ ఫ్రేములో అల్యూమినియం గొట్టం అతికించి, దానికి మరలు కోసే పని తప్పుతుంది. అంటే ఖర్చు వాళ్లకి తగ్గుతుంది. మనకి తగ్గిందా? బిల్లులు తీసి చూసుకోండి.

‘ప్రెస్‌ఫిట్’ అనే ఈ దిగ్గొట్టే పద్ధతిలో తప్పేమీ లేదు, ఫ్రేముకి రెండు పక్కల ఉన్న రంధ్రాలూ ఒకే గీత మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా గుండ్రంగా ఉంటే. లేకపోతే బేరింగు వంకరగా కూర్చుంటుంది, తొందరగా అరుగుతుంది, ఈలోగా తొక్కిన ప్రతిసారీ కిర్రుమంటుంది. ఈ కిర్రు చుట్టూ ఎదిగిన వైద్యశాస్త్రం చూడాలి! గ్రీజు పెట్టారా? పెట్టాం. అయ్యయ్యో, గ్రీజెందుకు పెట్టారు, గమ్ము కదా పెట్టాలి. గమ్ము పెట్టి చూశాం. అయితే చప్పుడు అక్కణ్నించి కాదేమో, పెడల్ చూడండి. చూశాం. చైన్‌రింగ్ బోల్టులు? సీటు పోస్టు? అన్నీ అయ్యాక, గొంతు తగ్గించి: “సార్, మీ బరువెంత?”

రెండు లక్షల సైకిలు తొక్కేవాడు తూకం చీటీ పట్టుకు తిరగాలన్నమాట.

ఇంకా విచిత్రం, ఈ అత్యాధునిక బేరింగుని బయటికి తీసే విధానం. లోపలికి ఒక కడ్డీ దూర్చి, దాని వెనక నుంచి సుత్తితో బాదాలి. ఊళ్లో సైకిలు షాపు తాత కాటర్ పిన్నుని సుత్తితో కొడితే మొరటు పని. కార్బన్ ఫ్రేము మీద అదే సుత్తి ఆడిస్తే టెక్నాలజీ. తాత సుత్తి దెబ్బకి పోయేది ఒక్క పిన్ను. గోళీలు కిరసనాయిల్లో కడిగి, అరిగినవి ఏరేసి, గ్రీజు పూసి మళ్లీ పేర్చేవాడు. ఇప్పుడు? బేరింగు అరిగితే మొత్తం పెట్టె చెత్తబుట్టలోకి.

సరే, ఈ కంగాళీ చూసి స్రామ్‌కి జాలేసింది. 24 మిల్లీమీటర్ల ఇరుసులూ 30 మిల్లీమీటర్ల ఇరుసులూ కొట్టుకు చస్తుంటే, అందర్నీ ఏకం చేస్తానని 2018లో డబ్ అనే ఇరుసు తెచ్చింది. దాని వ్యాసం 28.99 మిల్లీమీటర్లు. 29 కాదండోయ్. బాటా చెప్పుల ధర. 30 కన్నా కాస్త సన్నం చేస్తే దుమ్ము ఆపే సీలుకి చోటు దొరుకుతుందన్నారు, అది నిజమే. ఆ చోటేదో 29తో సరిపెట్టుకోకూడదా? రెండు కొలతల గొడవ తీర్చడానికి మూడోది పుట్టించడాన్ని ఏకం చేయడం అంటారని మనకి మునుపే తెలిసుంటే రాష్ట్ర రాజకీయాలు ఇంకా బాగా అర్థమయ్యేవి.

సిరామిక్ బేరింగుల గురించి మాట్లాడను. బురదలో తొక్కేవాడికి అవి అమ్మే ధైర్యానికి దండం. పొట్టి క్రాంకుల వేలం వెర్రి గురించి కూడా ఒక్క ముక్కే: రేసర్ పొగాచర్ 165 మిల్లీమీటర్ల క్రాంకుకి మారాడని 170తో హాయిగా తొక్కేవాడూ మార్చేస్తున్నాడు. కాళ్లు మాత్రం పాతవే.

నవ్వులాటకి వీల్లేని సంగతి ఒకటుంది. 2023 సెప్టెంబరులో షిమానో తన 11 స్పీడు డ్యూరా ఏస్, అల్టెగ్రా క్రాంకుల్ని తనిఖీకి తెమ్మంది. 2012, 2019 మధ్య చేసినవి. రోడ్డు సైకిళ్లవే కావచ్చు, కాని కాలి కింద విరిగే వస్తువుకి రోడ్డేమిటి, కొండేమిటి? ఒక్క అమెరికాలోనే సుమారు 6,80,000. జిగురుతో అతికించిన రెండు ముక్కలు విడిపోతున్నాయని 4,519 ఫిర్యాదులు, ఆరుగురికి గాయాలు, అందులో ఎముకలు విరిగినవాళ్లూ ఉన్నారు. విరిగిన క్రాంకుల ఫొటోలు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచీ జనం పెడుతూనే ఉన్నారు. అయినా అన్నీ మార్చలేదు. షాపువాడు చూసి, విడిపోయే లక్షణం కనిపిస్తేనే కొత్తది. మిగతావాళ్లు తొక్కుకోండి, దేవుడున్నాడు! బోల్టు ఒక పిసరు ఎక్కువ బిగిస్తే మన తప్పు, గ్రీజు తక్కువైతే మన తప్పు, మన బరువు మన తప్పు. వాళ్ల జిగురు ఊడితే మాత్రం ‘తనిఖీ’. సిగ్గుండాలి.

నిజానికి క్రాంకు బిగించడం బ్రహ్మవిద్య కాదు. కప్పు మరలకి గ్రీజు పూసి 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. షిమానో అయితే ఎడమ క్రాంకు ప్లాస్టిక్ మూతని వేళ్లతో తిప్పినంత మెల్లగా తిప్పి, పక్క బోల్టులు రెండూ మార్చి మార్చి 12 నుంచి 14. డబ్ అయితే 8 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో 54, తర్వాత రింగు చేత్తో తిప్పి ఆట పోగొట్టాలి. క్రాంకు పట్టుకుని అటూ ఇటూ ఊపితే కదలకూడదు. అంతే. దీనికి ‘ప్రీమియం సర్వీస్ ప్యాకేజీ’ పేరు పెట్టి వేలు గుంజేవాళ్లూ, ఆ వెంటనే ప్రెషర్ పంపుతో బేరింగు మీదకే నీళ్లు కొట్టి సీళ్లు దాటించేవాళ్లూ ఒక్కరే.

మరలు పూర్తిగా వదలని కంపెనీలు లేకపోలేదు. సాంటా క్రూజ్ మౌంటెన్ బైకులు చాలావరకు ఆ మరల మీదే నడిచాయి, ఎవరి గట్టిదనమూ తగ్గలేదు. వదిలినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొస్తున్నారు. ట్రెక్ 2019లో టి47 అనే మరో కొలత మరలకి, స్పెషలైజ్డ్ 2020లో టార్మాక్ మోడల్‌తో పాత మరలకే. చివరికి బి.బి.30 కన్నతల్లి క్యానన్‌డేల్ కూడా 2023లో సూపర్‌సిక్స్ ఈవోకి బి.ఎస్.ఏ. మరలు కోసింది. క్షమాపణ మాట మాత్రం ఏ బ్రోషరులోనూ లేదు.

కాబట్టి కొత్త మౌంటెన్ బైకు కొనబోయే బాబులూ, తల్లులూ, రంగు తర్వాత చూద్దురు గాని. షాపులో ముందు బాటమ్ బ్రాకెట్ ఏదో అడగండి. ‘73 మిల్లీమీటర్ల వెడల్పు, బి.ఎస్.ఏ. థ్రెడ్’ అని జవాబొస్తే కూర్చుని మాట్లాడండి. ‘అడ్వాన్స్‌డ్ ప్రెస్‌ఫిట్ సార్’ అంటే, కిర్రుకి వారంటీ రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వనంటే పక్క షాపుకి నడవండి.