ఎలుకకు తగ్గిన షుగరు

వాకింగ్ పార్కు గేటు దగ్గర బత్తాయి రసం బండివాడికి ఏ పరిశోధనా తెలియదు. అలవాటుగా గ్లాసులో పంచదార వేయబోతాడు. చెయ్యి అడ్డం పెట్టిన పెద్దమనిషికి మాత్రం అన్నీ తెలుసు. "పంచదార వద్దయ్యా, నాకు షుగరు. రెండు గ్లాసులియ్యి చాలు!" పొద్దున్నే వాట్సాప్‌లో చదివొచ్చాడు మరి. పుల్లటి పళ్ళలో షుగరుకు మందుందని కెనడా వాళ్ళు తేల్చారట.

తేల్చింది అబద్ధం కాదు, తేలింది ఎలుకల్లో. కెనడాలోనూ ఒక లండన్ ఉంది, ఒంటారియో రాష్ట్రంలో. అక్కడి మర్రే హఫ్ బృందం 2009లో ఆ పళ్ళలో ఉండే నారింజెనిన్ అనే పదార్థం మీద ప్రయోగం చేసింది. పేరులో నారింజ ఉన్నా అది దండిగా దొరికేది గ్రేప్‌ఫ్రూట్‌లో. చెడు కొలెస్టరాల్‌ను వదిలించుకునే శక్తి పుట్టుకతోనే లేకుండా చేసిన ఎలుకలకు కొవ్వు దట్టించిన మేత పెట్టి, అందులో నూటికి ఒక పాలు, మూడు పాళ్ళు చొప్పున ఆ పదార్థాన్ని కలిపారు. కాలేయంలో కొవ్వు పేరుకోలేదు, ఇన్సులిన్ అదుపు తప్పలేదు, ఒళ్ళూ పెరగలేదు. మంచి పరిశోధనే.

అయితే ఆ ఎలుకలు జ్యూస్ బండి ముఖం చూడలేదు. మనిషి రోజుకు కిలో తిండి తింటాడనుకుంటే నూటికి ఒక పాలంటే 10 గ్రాముల శుద్ధమైన పొడి. అంత కావాలంటే పెద్దమనిషి తోటనే మింగాలి.

రసంలో ఖాయంగా ఉండేది చక్కెర. 200 మిల్లీలీటర్ల కమలా రసంలో, పైన చిటికెడు కలపకపోయినా, సుమారు నాలుగు చెంచాలు. షుగరు పడిపోయి కళ్ళు తిరిగే రోగికి అరగ్లాసు పళ్ళరసం తాగించమని డాక్టర్లు చెప్పేది, అది గబుక్కున పెంచుతుందనే! పెంచే మందునే తగ్గించే మందుగా తాగడానికి చాలా చదువుకోవాలి.

మనుషుల లెక్కలూ ఉన్నాయి. 2013లో హార్వర్డ్ పరిశోధకులు 1,87,000 మందికి పైగా అమెరికన్ల ఆహార వివరాలు పరిశీలించారు. బ్లూబెర్రీ, ద్రాక్ష, ఆపిల్ పళ్ళుగా తినేవారిలో షుగరు ముప్పు తక్కువగా కనిపించింది. నారింజ దగ్గర తేడా లేనట్టే. వారానికి మూడు గ్లాసుల పళ్ళరసానికి మాత్రం ముప్పు 8 శాతం ఎక్కువ. ఈ లెక్కను ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ఇందులో అద్భుతం లేదు కదా.

మా మందుతో షుగరు నయమవుతుందని పత్రికలో ప్రకటన వేస్తే మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం. "ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్"కి ఆ బెంగ లేదు.

ఇంకో ముచ్చట. అదే ఒంటారియో లండన్‌లో, 1989లో, డేవిడ్ బెయిలీ అనే శాస్త్రవేత్త ఫెలోడిపిన్ అనే బీపీ మందుకు సారా తోడైతే ఏమవుతుందో పరీక్షిస్తూ, సారా రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపాడు. రక్తంలో మందు అనుకున్నదానికి కొన్ని రెట్లు పెరిగి కూర్చుంది. కొన్ని కొలెస్టరాల్ మాత్రలతోనూ ఇదే తంటా. గ్రేప్‌ఫ్రూట్‌కు దగ్గరి చుట్టం మన పంపరపనస. బీపీ, కొలెస్టరాల్ మాత్రలు మింగేవారు ఆ తొనలు ఒలిచే ముందు డాక్టరును ఒక్కమాట అడగండి.